పొగకు కిటికీ మూయాలా, కరోనాకు తెరవాలా?

గిద్దలూరు_ఆడపడుచు | 12 మే 2021, రాత్రి 9.50

అందరికీ నమస్కారం. మాది గిద్దలూరు నుంచి దిగువమెట్ట వెళ్లే దారిలో కొండకింది ఊరు. మా తమ్ముడికి ఆదివారం పాజిటివ్ వచ్చింది. పడమటి గదిలో విడిగా ఉంచాం. ఆక్సిజన్ 96, 97 చూపిస్తోంది, జ్వరం తగ్గుతోంది. ఏఎన్ఎమ్ వచ్చి మందుల కిట్ ఇచ్చి, కిటికీలు రాత్రీ పగలూ తీసే ఉంచండి, గాలి ఆడాలి అని చెప్పి వెళ్లింది.

చిక్కంతా ఇక్కడే. నాలుగు రోజుల నుంచి కొండ మీద అడవి తగలబడుతోంది. రాత్రి చూస్తే ఎర్రటి దండ వేసినట్టు గీత కనిపిస్తుంది. తెల్లారేసరికి ఊరంతా పొగ. నిన్న అమ్మ మిద్దె మీద ఆరబెట్టిన పిండి వడియాల మీద నువ్వులు చల్లినట్టు మసి పడింది. అమ్మకు 62 ఏళ్లు, ఉబ్బసం ఉంది, రోజూ పంపు పీలుస్తుంది. పొగ రాగానే ఆమెకు ఆయాసం మొదలవుతుంది.

ఇంకో సంగతి. తమ్ముడికి వాసన పోయింది. కిటికీ పక్కనే మంచం. రాత్రంతా పొగ లోపలికి వస్తున్నా వాడికి తెలియలేదు. పొద్దున దగ్గు విని నేను తలుపు దగ్గరికి వెళితే, గదిలో పొగ వంటింట్లో కన్నా ఎక్కువగా ఉంది. "పొగా? ఎక్కడ?" అంటాడు.

ఇప్పుడు ఎవరి మాట వినాలి? కరోనాకు కిటికీ తీయాలి, పొగకు మూయాలి. మధ్యాహ్నం ఎండకు మూసుకోండని టీవీలో రోజూ చెబుతున్నారు. టెన్షన్‌తో నిద్ర లేదు.

కందుకూరు_చిన్నోడు | 12 మే, రాత్రి 10.15

అక్కా, గదిలో సాంబ్రాణి వేసి వేపాకు పొగ పెట్టండి. మా వీధిలో అందరూ పెడుతున్నారు. క్రిములు చస్తాయంట.

స్టాఫ్‌నర్సు_కావలి | 12 మే, రాత్రి 10.40

చిన్నోడూ, ఉన్న పొగకు ఇంకో పొగ ఎందుకయ్యా. వేపాకైనా, సాంబ్రాణైనా, అగరొత్తి అయినా, దోమల చుట్ట అయినా ఊపిరితిత్తులకు పొగే. వైరస్ దానికి చావదు. ఉబ్బసం ఉన్న మనిషి ఇంట్లో అయితే అసలు వద్దు.

అమ్మాయ్, నీ ప్రశ్నకు వస్తాను. కిటికీ తీయమన్నది ఎందుకో ముందు చూడు. మీ తమ్ముడికి వైరస్ ఇప్పటికే ఉంది. గదిలో గాలి మారితే అతనికి తగ్గిపోతుందని కాదు. అతను వదిలిన గాలి గదిలో పేరుకుపోతే, తలుపు తీసినప్పుడు నీకూ అమ్మకూ వస్తుంది. అంటే ఆ కిటికీ మీ కోసం. ఎవరూ ఆ గదిలోకి వెళ్లని రాత్రివేళ కిటికీ మూసి ఉంటే మీకు వచ్చే ప్రమాదం తక్కువ. పొగ మాత్రం నేరుగా అతని ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

అందుకని రాత్రి మూసెయ్యండి. తలుపు కింద సందులో పాత చీర మడిచి పెట్టండి. పొద్దున పొగ పలచబడ్డాక అతన్నే కిటికీ తీయమనండి. అరగంట ఆగి, అప్పుడు టిఫిన్ తలుపు బయట స్టూలు మీద పెట్టి పక్కకు వచ్చేయండి. నువ్వూ మాస్కు, అతనూ మాస్కు.

అమ్మగారి ఇన్‌హేలర్ ఏ కారణంతోనూ ఆపొద్దు. కరోనా టైంలో స్టెరాయిడ్ పంపు వాడకూడదని ఎవరో అన్నారని మా దగ్గరికి వచ్చిన ఇద్దరు ఆపేసి అవస్థ పడ్డారు.

గిద్దలూరు_ఆడపడుచు | 12 మే, రాత్రి 11.05

సిస్టర్ గారూ, "ఆ కిటికీ మీ కోసం" అన్న మాట ఎవరన్నా ముందే చెప్పి ఉంటే ఇంత బుర్ర బద్దలుకొట్టుకునేదాన్ని కాదు. ఇప్పుడే మూయించాను. కానీ గది కుంపటిలా ఉంది. కూలర్ పెట్టొచ్చా?

లెక్కల_మాస్టారు_కనిగిరి | 13 మే, ఉదయం 6.20

కూలర్ వద్దమ్మా. దాని పనే బయటి గాలిని లోపలికి లాగడం. తడి గడ్డి మెత్తల్లోంచి గాలి చల్లబడుతుందేగాని పొగ శుభ్రపడదు. బూడిద రేకులు మెత్తకు అంటుకుంటాయి, నిజమే. చేటు చేసేది ఆ రేకులు కాదు, కంటికి కనిపించని నలుసు. రెండున్నర మైక్రాన్లు, అంతకన్నా చిన్నవి. మన తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు. మెత్తల సందుల్లోంచి హాయిగా నడిచివెళతాయి. కిటికీకి తడి దుప్పటి కట్టినా అంతే సంగతి, తృప్తి మిగులుతుంది.

ఏసీ ఉంటే వేరే లెక్క. గోడకు పెట్టే స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పుతుంది, బయటిది తీసుకోదు. పొగకు మంచిది. కానీ ఒకే గాలి తిరుగుతుంది కాబట్టి, నలుగురూ కూర్చునే గదిలో కరోనాకు చెడ్డది. ఒంటరిగా ఉన్న రోగి గదిలో అయితే ఫరవాలేదు. సీలింగ్ ఫ్యాను వేసుకోవచ్చు. సాయంత్రం ఆ గది మిద్దె మీద నాలుగు బిందెల నీళ్లు కుమ్మరించండి, రాత్రికి కొంత దిగుతుంది.

గిద్దలూరు_ఆడపడుచు | 13 మే, ఉదయం 6.45

మాస్టారూ, మీరు చెప్పాక హాల్లో కూలర్ వెనక తలుపు ఊడదీసి చూశాను. మొన్న మార్చిన మెత్త, బంగారు రంగులో ఉండేది. గడ్డిపోచలన్నీ చివర్ల దగ్గర నల్లబడ్డాయి. తొట్టిలో నీళ్లు పల్చటి కాఫీ రంగు. వాసన చూస్తే కాలిన గడ్డి. అమ్మ రెండు రాత్రులు దీని ముందే పడుకుంది.

నల్లమల_వాచర్ | 13 మే, మధ్యాహ్నం 1.30

నేను దోర్నాల వైపు పనిచేస్తాను. ఆ కొండ మా బీటు కాదు, అయినా సంగతి ఒకటే. ఇక్కడ కాలేది ఎక్కువగా చెట్లు కాదు, రాలిన ఆకు, ఎండిన బోద గడ్డి. మంట మోకాలెత్తున నేల మీద పాకుతుంది. మీకు దండలా కనిపించేది అదే. పచ్చికొమ్మలు విరిచి కొట్టి, ఆకు ఊడ్చి ఫైర్ లైన్ చేసి ఆపుతాం. ఉపగ్రహం మంటను పట్టగానే డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి ఫోన్లకు మెసేజ్ వస్తుంది. మెసేజ్ వచ్చాక మనిషి కొండెక్కడానికి పట్టే టైం మాత్రం మారలేదు.

మంట ఆరింది కదా అని పొగ ఆగదు. పడిపోయిన మొద్దు లోపల రాజుకుంటూ రోజుల తరబడి పొగ వదులుతుంది. కాబట్టి రాత్రి ఎర్ర గీత కనిపించకపోయినా కిటికీ తీసెయ్యొద్దక్కా.

ఇంకోటి. రాత్రి కొండ మీది చల్లగాలి కిందికి జారుతుంది, పొగను మోసుకొచ్చి ఊరి మీద దించుతుంది. పొద్దెక్కి నేల కాలాక పొగ పైకి లేస్తుంది. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా కొండకింది ఊళ్లలో గాలి కాస్త నయం. మేం కూడా అన్నం తినేది అప్పుడే.

అడవి దానంతట అది అంటుకోవడం బహు తక్కువ. బీడీ పారేసినవాళ్లు, తేనెకు పొగపెట్టినవాళ్లు, కొత్త గడ్డి మొలవాలని అంటించే కాపర్లు. మేం మొహానికి తువ్వాలు తడిపి కట్టుకుంటాం. దానితో పొగ ఆగదని మాస్టారు చెబితే ఇప్పుడు తెలిసింది. ఇరవై ఏళ్లుగా కట్టుకుంటున్నా.

ఒంగోలు_గిత్త | 14 మే, ఉదయం 8.10

అందరూ బాగా చెబుతున్నారుగాని నాకు ఒళ్లు మండుతోంది. ఈ సలహాలు ఇచ్చేవాళ్లు ఒక మాట మీద నిలబడ్డారా? పోయిన ఏడాది మార్చి 12న మన రాష్ట్రంలో మొదటి కేసు నెల్లూరులోనే వచ్చింది. అప్పుడు జబ్బు లేనివాళ్లకు మాస్కు అక్కర్లేదన్నారు. ఏప్రిల్ మొదటి వారంలో ఇంట్లో కుట్టిన గుడ్డ మాస్కు కట్టుకోమన్నారు. నేను వాల్వున్న ఎన్-95 డబ్బులు పెట్టి కొంటే, జులైలో వాల్వున్నవి వద్దని ఢిల్లీ నుంచి ఉత్తరం. ఇప్పుడు ఒకటి చాలదు, రెండు పెట్టుకోండి. కోవిషీల్డ్ రెండో డోసు మొదట నాలుగు నుంచి ఆరు వారాలు, మార్చిలో ఆరు నుంచి ఎనిమిది, నిన్న పన్నెండు నుంచి పదహారు! మా నాన్న టీకా కేంద్రం దగ్గర పొద్దున ఐదు నుంచి లైన్లో నిలబడి, ఇంకా టైం కాలేదని తిప్పి పంపిస్తే ఇంటికొచ్చాడు. రేపు కిటికీ మాట కూడా మారుస్తారు, చూస్తూ ఉండండి.

లెక్కల_మాస్టారు_కనిగిరి | 14 మే, ఉదయం 9.00

నీ కోపం న్యాయమే. మీ నాన్నగారిని అట్టా తిప్పడం తప్పు. అయితే అన్ని మార్పులూ ఒక జాతివి కావు నాయనా. మాస్కు వద్దనడంలో సగం కారణం ఆస్పత్రి సిబ్బందికి చాలవన్న భయం. ఆ మాట అట్టాగే చెప్పి ఉంటే జనం అర్థం చేసుకునేవాళ్లు. అక్కర్లేదు అన్నారు, అక్కడే పరువు పోయింది. వాల్వు సంగతి వేరు. వాల్వు నీ ఊపిరిని వడకట్టకుండా బయటికి వదులుతుంది, ఎదుటివాడికి రక్షణ లేదు. అదే వాల్వు మాస్కు పొగలో నీకు బాగానే పనిచేస్తుంది, పొగ బయటి నుంచి వచ్చేదేగా. టీకా గడువు మాత్రం, బ్రిటన్‌లో చూసిన ఫలితాలను బట్టి మార్చామంటున్నారు. సరుకు లేకనే అనేవాళ్లూ ఉన్నారు. అందులో నేను ఎవరి పక్షమూ కాదు.

ఒంగోలు_గిత్త | 14 మే, ఉదయం 9.20

అంటే కొన్న మాస్కు పారేయక్కర్లేదా మాస్టారూ?

లెక్కల_మాస్టారు_కనిగిరి | 14 మే, ఉదయం 9.25

పొలానికి పోయేటప్పుడు వాడుకో. బ్యాంకు లైన్లో వద్దు.

సింహపురి_టు_శాక్రమెంటో | 14 మే, ఉదయం 11.40

ఇది చదువుతుంటే పోయిన సెప్టెంబరు కళ్లముందు కదిలింది. మాది నెల్లూరు దగ్గర బుచ్చి. ఇక్కడ కాలిఫోర్నియాలో ఆగస్టు నడుమ వాన లేని పిడుగులు పడి వందల చోట్ల అడవి అంటుకుంది. అందులో ఒక్క ఆగస్టు కాంప్లెక్స్ అనే మంటే పది లక్షల ఎకరాలు దాటింది. సెప్టెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న మా బావమరిది ఫోన్ చేసి, పగలు పదకొండయింది, ఆకాశం నారింజ రంగులో ఉంది, వీధి లైట్లు వెలుగుతున్నాయి అన్నాడు. నేను నమ్మలేదు, ఫొటో పంపాడు.

మాకూ ఇదే చిక్కు. వేసవంతా ఎవరినైనా కలవాలంటే ఆరుబయటే కలవండి, కిటికీలు తీయండి అన్నారు. పొగ రాగానే ఇంట్లోకి పోండి, అన్నీ మూసుకోండి. గుడ్డ మాస్కు కరోనాకు సరే, పొగకు పనికిరాదన్నారు. పొగను ఆపే ఎన్-95 ఏమో ఆస్పత్రివాళ్లకు వదిలిపెట్టమన్నారు. దుకాణాల్లో ఎట్టాగూ లేవు.

మేం చేసింది చెబుతాను. ఫ్యాను వెనక గాలి వడకట్టే ఫిల్టరు టేపుతో అతికించి గదిలో తిప్పాం. అందులో చక్కనిది కోర్సీ, రోసెంథాల్ అనే ఇద్దరు రూపకల్పన చేసిన పెట్టె, నాలుగు వైపులా ఫిల్టర్లు, పైన ఫ్యాను. పొగ నలుసునూ వైరస్ ఉన్న తుంపరనూ రెంటినీ పడుతుంది. కిటికీ గొడవ లేకుండా రెండింటికీ పనికొచ్చింది నాకు తెలిసి అదొక్కటే. మీకు దొరికితే గాలి శుద్ధి మెషీన్ల హెపా ఫిల్టరు ఒకటి టేబుల్ ఫ్యానుకు కట్టండి.

గిద్దలూరు_ఆడపడుచు | 14 మే, మధ్యాహ్నం 12.30

అన్నా, బాగుంది గానీ ఈ కర్ఫ్యూలో మధ్యాహ్నం పన్నెండు దాటితే పాల ప్యాకెట్టే దొరకదు, ఫిల్టరు ఎక్కడిది? కొరియర్‌వాళ్లు గిద్దలూరు దాకా వస్తే అదే గొప్ప.

పెన్నా_డెల్టా_రైతు | 15 మే, ఉదయం 5.50

అందరూ అడవి పొగ గురించి మాట్లాడుతున్నారు. మా కోవూరు వైపు పొగ మేం పెట్టిందే, దాచేదేముంది. మిషన్ కోత కోస్తే కొయ్యకాళ్లు నిలబడిపోతాయి, చెల్లాచెదురైన గడ్డి పశువు సరిగా ముట్టదు. ఎడగారుకు, అంటే రెండో పంటకు, సోమశిల ప్రాజెక్టు నీళ్లు వస్తాయంటే దమ్ముకు నాలుగు రోజులు కూడా టైం ఉండదు. కూలీలు కరోనా భయంతో రావడం లేదు. అగ్గిపెట్టె రూపాయి. మీరే చెప్పండి.

అయితే ఈ ఏడు మా పక్క ఇంట్లో పెద్దాయన ఆక్సిజన్ సిలిండర్ మీద ఉన్నాడు. సాయంత్రం నేను గడ్డికి నిప్పు పెట్టి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే, వాళ్ల కోడలు వచ్చి గోడ పక్కన నిలబడింది. ఏమీ అనలేదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి వెళ్లిపోయింది. మిగిలిన రెండెకరాలు తగలెయ్యలేదు. నీళ్లు పెట్టి సూపర్ ఫాస్ఫేట్ చల్లి రోటవేటర్ తోలించా. డీజిల్ ఖర్చు అయింది.

కందుకూరు_చిన్నోడు | 16 మే, రాత్రి 8.30

సాంబ్రాణి విషయంలో తిట్లు తిన్నవాణ్ణి నేనే. ఒక సంగతి చెప్పాలి. మా ఊరి బయట చిల్లకంప బొగ్గుల బట్టీలు ఉన్నాయి. శుక్రవారం పొద్దున అందరూ అబ్బ ఏం పొగ, కళ్లు మంటలు అంటున్నారు. నాకు కళ్లు మండుతున్నాయి గానీ వాసన మాత్రం రావడం లేదు. మీ తమ్ముడి సంగతి చదివి ఉన్నాను కాబట్టి గుండె గుభేలుమంది. కాఫీపొడి డబ్బా మూత తీసి ముక్కు లోపల పెట్టినంత పని చేశా. ఏమీ లేదు. టెస్టు చేయించుకున్నా. పాజిటివ్. జ్వరం కూడా లేదు అప్పటికి.

స్టాఫ్‌నర్సు_కావలి | 16 మే, రాత్రి 9.10

మంచి పని చేశావు నాన్నా. గొంతు గరగర, కళ్ల మంట, దగ్గు పొగకూ వస్తాయి. జ్వరం, ఒళ్లునొప్పులు, వాసన పోవడం అయితే కరోనా అనుకుని టెస్టుకు పోవాల్సిందే. తేడా తెలియకపోతే కూడా టెస్టే.

ఆక్సిమీటర్ గురించి రెండు మాటలు. గోళ్లకు రంగు ఉంటే తుడిచి పెట్టండి, చెయ్యి చల్లగా ఉంటే రుద్ది పెట్టండి. 94 కన్నా తగ్గితే బోర్లా పడుకోబెట్టి డాక్టరుకు ఫోన్ చేయండి, బెడ్డు కోసం 104. బట్టీ పక్కన ఉండేవాళ్లకు ఇంకో జాగ్రత్త. బొగ్గు పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. అది రక్తంలో చేరితే ఈ మీటరు దాన్ని కూడా ఆక్సిజన్ కిందే లెక్కపెట్టి 98 చూపిస్తుంది. తలనొప్పి, వాంతి, మత్తు ఉంటే అంకె చూసి ధైర్యపడొద్దు, ముందు అక్కణ్ణుంచి బయటికి రండి.

ఒంగోలు_గిత్త | 18 మే, ఉదయం 7.30

నిన్న కరోనా చికిత్సలోంచి ప్లాస్మా, అదే కోలుకున్నవాళ్ల రక్తంలోంచి తీసి ఎక్కించేది, అది కూడా తీసేశారు చూశారా? మా వీధి కుర్రాళ్లు నెలంతా ప్లాస్మా దాతల కోసం ఫోన్లు చేసీ చేసీ అలిసిపోయారు.

స్టాఫ్‌నర్సు_కావలి | 18 మే, రాత్రి 10.00

చూశాం తమ్ముడూ. పెద్ద పరిశోధనల్లో ఉపయోగం కనిపించలేదు, తీసేశారు. దాతల కోసం మేమూ అర్ధరాత్రి దాకా ఫోన్లు చేశాం. ఇవాళ డ్యూటీలో దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

లెక్కల_మాస్టారు_కనిగిరి | 19 మే, ఉదయం 6.40

ఒకరు మెసేజ్ పెట్టి అడిగారు, ఫోన్లో ఒక ఆప్ గాలి నాణ్యత అంకె 100 అంటోంది, ఇంకోటి 150 అంటోంది, ఏది నమ్మాలని. రెండూ నిజమే కావచ్చు. నలుసు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు ఉంటే మన దేశపు కొలత 100 అంటుంది, అంటే ఫరవాలేదన్నమాట. అమెరికా కొలత అదే గాలిని 150 దాటించి బాగా లేదంటుంది. గాలి ఒకటే, బద్ద వేరు.

పైగా మన కొండకింది ఊళ్లలో ఆప్ చూపించేది అంచనా లెక్కే. నేను మా మిద్దె మీద నుంచి రోజూ చూసే గుర్తులు మూడు: గుడి గోపురం, సెల్ టవరు, దూరంగా కొండ. కొండ కనపడకపోతే అమ్మగారి లాంటివాళ్లు బయటికి రావొద్దు. టవరు కూడా మాయమైతే ఎవరూ రావొద్దు.

స్టాఫ్‌నర్సు_కావలి | 20 మే, రాత్రి 9.30

గిత్త తమ్ముడు అన్నంత పనీ అయింది. ఇవాళ కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు కార్యాలయం కొత్త సూచనలు ఇచ్చింది. పెద్ద తుంపరలు రెండు మీటర్లలో పడిపోతాయి, సన్న తుంపర గాలిలో పది మీటర్ల దాకా పోవచ్చు, గాలి బాగా ఆడాలి అని. ఏడాదిగా ఆరడుగులు ఆరడుగులు అని గొంతు చించుకున్నాం.

కాబట్టి అమ్మాయ్, మధ్యాహ్నం కిటికీ తీసినప్పుడు టేబుల్ ఫ్యాను మొహం కిటికీ వైపు తిప్పి పెట్టించు. గదిలో గాలి బయటికి పోవాలి, హాల్లోకి రాకూడదు.

ఒంగోలు_గిత్త | 20 మే, రాత్రి 9.45

నేను ముందే చెప్పలా!

కందుకూరు_చిన్నోడు | 22 మే, ఉదయం 10.00

నాకు బాగానే ఉంది. కృష్ణపట్నంలో కరోనాకని ఆనందయ్య గారు ఇస్తున్న నాటు మందుకు నిన్న జనం వేలల్లో ఎగబడ్డారంట. మా మామ బండి మీద పోయి వచ్చాడు, మందు దొరకలేదు. కంట్లో చుక్కలు వేస్తే ఆక్సిజన్ పెరుగుతుందంటున్నారు, నిజమేనా?

నిర్వాహకుడు | 22 మే, ఉదయం 11.15

ఈ మందు మీద మూడు వేరే చర్చలు నడుస్తున్నాయి, అక్కడ తేల్చుకోండి. దీని కింద వచ్చిన నలభై రెండు వ్యాఖ్యలు అటు మార్చాను. ప్రభుత్వం పంపిణీ ఆపి పరిశీలన చేయిస్తోంది, అంతవరకే ఇక్కడ. ఇది పొగ, కిటికీల చర్చ.

గిద్దలూరు_ఆడపడుచు | 25 మే, ఉదయం 7.00

కొంచెం ఆలస్యంగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. తమ్ముడు గది బయటికి వచ్చి మూడు రోజులయింది. అమ్మకూ నాకూ నెగటివ్. పదిహేను రోజులూ మా ఇంట్లో జరిగింది ఇది: రాత్రి ఏడుకు కిటికీ మూత, మిద్దె మీద నీళ్లు. పొద్దున అమ్మ వాకిట్లోకి వచ్చి ముక్కుతో గాలి చూసి చెబుతుంది, నేను తమ్ముడి తలుపు మీద కొడతాను. ఒకసారి కొడితే తెరువు, రెండుసార్లు కొడితే మూసి ఉంచు. మధ్యాహ్నం రెండుకు ఎండలోనే తెరిచి ఫ్యాను బయటికి. ఆ మూడు గంటలు వాడు తడి తువ్వాలు మీద వేసుకుని కూర్చునేవాడు, తిట్టుకుంటూ. కూలర్ మూలన పెట్టేశాం. అమ్మకు రెండు రాత్రులు ఆయాసం ఎక్కువైంది, పంపుతో తగ్గింది.

వాచర్ అన్నకు ప్రత్యేకంగా నమస్కారం. మీరు మొద్దుల గురించి చెప్పకపోతే మంట కనిపించని రోజే కిటికీ తీసేసేదాన్ని. ఆ రాత్రే పొగ ఎక్కువ వచ్చింది. అన్నా, మీరందరూ బాగున్నారా?

నల్లమల_వాచర్ | 25 మే, రాత్రి 8.20

బాగున్నాం అక్కా. మాలో ఇద్దరికి వచ్చింది, ఒకాయన ఒంగోలులో చేరాడు, తిరిగొచ్చాడు. ఇకనుంచి తువ్వాలు కాదు, మాస్కులు కావాలని అడిగాం. చూడాలి.

గిద్దలూరు_ఆడపడుచు | 27 మే, ఉదయం 6.10

రాత్రి మా ఊళ్లో పెద్ద వాన. ఉరుములకు లేచి అన్ని కిటికీలూ తెరిచేశాను. ఇరవై రోజుల తర్వాత ఇల్లంతా మట్టివాసన. అమ్మ వసారాలో కూర్చుని ఊపిరి గట్టిగా పీల్చుకుంటోంది. తమ్ముడు కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వాసన తెలుస్తోందా అని అడిగాను. చెయ్యి వానలోకి చాపి కాసేపు ఉంచి, ఇంకా లేదన్నాడు.